దొరసాని పాటకు వంత

మా ఇళ్లలో కథ ఎత్తుకునేది మగవాడు, వంత పలికేది ఆడది. మా ఆయన తంబుర మీటి ఒక వరుస పాడి ఆపేవాడు. ఆ ఆపిన చోట నేను తోలు బిగించిన మట్టి బుర్ర మీద దెబ్బ వేసి, గొంతు సాగదీసి హాఁ అనాలి. ఆ హాఁ పడకపోతే తర్వాతి వరుసకు ఆయనకు ఊపిరి అందదు. వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు. మంట కనిపిస్తుంది గానీ కట్టె ఎగదోసిన చెయ్యి ఎవరికి కనిపిస్తుంది. నా గొంతు మొదటి నుంచీ బొంగురే. రంపం పెట్టి మొద్దు కోసినట్టుందని మా ఆడబిడ్డ ఎగతాళి చేసేది. మా ఆయన మాత్రం, నున్నటి గొంతు మీద కథ జారిపోతుంది, గరుకు ఉంటేనే కాలు నిలుస్తుంది అనేవాడు.

ఆయన దగ్గుతో పోయాడు. మట్టి చేసేటప్పుడు మా వాళ్లు బుర్ర తోలు చీల్చి ఆయన పక్కన పెట్టారు. ఆడబిడ్డ నా గొంతు మీద చెయ్యి వేసి, "ఇగ ఇది గూడ మా తమ్మునితోనే పోయింది. ఇంకో మొగోని కథకు పలికితివా, ఆని ఇంట్ల చేరినట్టే" అంది. మా కట్టుబాటు అదే. నేను తల ఊపాను.

ఆ తర్వాత పట్నంలో ఒక బేగం గారింట్లో పనికి కుదిరాను. వాళ్ల అల్లుడికి మస్కట్‌లో ఉద్యోగం. కూతురి పిల్లను చూసుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. ఇది డెబ్బైల నాటి మాట. ఆ దేశంలో అప్పుడు ఎటు చూసినా కొండలు పగలగొట్టి రోడ్లు వేస్తున్నారు, కొత్త హోటళ్లు లేస్తున్నాయి. బేగం గారి అల్లుడు ఉద్యోగం చాలించుకుని తిరిగి వెళ్లేటప్పుడు, నేను ఉండిపోతానన్నాను. ఆయనే మాట సాయం చేసి ఒక హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పనికి పెట్టించాడు. మస్కట్‌లోనే హమ్రియా పేటలో హైదరాబాద్ ఆడవాళ్లతో కలిసి ఒక రూమ్. డ్యూటీకి కంపెనీ బండి వచ్చేది. సంతకం పెట్టడం బేగం గారి కూతురే నేర్పింది. అంతకు మించి రాత నాకు రాదు, ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఎండలు తగ్గిన రోజుల్లో హోటల్‌కు ఒక పాటల దొరసాని వచ్చింది. స్పెయిన్ దేశం. వెంట గిటారు వాయించే ముసలాయన. సాయంత్రాలు భోజనాల హాల్లో పాడాలని వాళ్లకు ఒప్పందం. ఆమెకు యాభై దాటి ఉంటాయి. కాటుక పెట్టిన కళ్లు, చెంపలకు అతికించినట్టు నున్నగా దువ్విన జుట్టు, చీలమండలు మాత్రం ఉబ్బిపోయి ఉండేవి. పాడేటప్పుడు వేసుకునే గౌనుకు వెనక తోక. తోకంటే మామూలు తోక కాదు, మనిషి పొడవు, దాని కింద వరుస మీద వరుస కుచ్చులు. తిరిగినప్పుడు ఆ తోకను కాలితో ఎగదన్ని పక్కకు వేసేది. ఆ కుచ్చులు నిలబడాలంటే గంజి కావాలి. హోటల్ గంజి పొడితో కుచ్చులు రెండు పాటలకే వాలిపోయాయి. నేను వంటింటి నుంచి అన్నం వార్చిన గంజి తెచ్చి, పలచన చేసి పెట్టి, లోపలి కుచ్చు నుంచి పైకి ఇస్త్రీ చేసుకుంటూ వచ్చాను. మర్నాడు దొరసాని స్వయంగా లాండ్రీకి వచ్చింది. కుచ్చును వేలితో మీటి చూసి, దుప్పట్ల గంప మీద కూర్చుంది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆ గంపే ఆమె పీట.

మా ఇద్దరి మధ్య మాటకు గోవా ఆయన ఉండేవాడు. బార్‌లో పని. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పోర్చుగీసు చదివాడు, దానితో ఆమె భాష సగం అందుతుంది. నాతో హిందీ. ఆమె ఒక ముక్క అంటే ఆయన నాకు నాలుగు ముక్కలు చెప్పేవాడు.

"సగం నువ్వే కలుపుతున్నవ్ గదా అన్నా" అన్నాను ఒకరోజు.

"రెండు భాషల మధ్య రోడ్డు బాగోలేదు బాయీ. గుంతలు వచ్చిన చోట నేనే మట్టి పోస్తున్నా. లేకపోతే నువ్వు పడిపోతావ్."

ఆ గుంతల రోడ్డు మీదే ఆమె బతుకు నాకు చేరింది. సముద్రం పక్క ఊరు. తల్లి వేయించిన చేపలు అమ్మేది. వాళ్ల దేశంలో యుద్ధం, ఆ తర్వాత కరువు. ఆమె, చెల్లెలు సారా దుకాణాల్లో బల్లల మధ్య నిలబడి పాడేవాళ్లు. ఆమె పాడుతుంది, చెల్లెలు చప్పట్లు వేస్తూ వరుస చివర అరుస్తుంది. వాళ్ల పాటల్లో అలా అరిచే వాళ్లుండాలట. ఓలే అంటారు, ఇంకా ఏవేవో అంటారు, ఒక్కోసారి మాటే ఉండదు, ఉత్త గొంతు. అరుపు పడితేనే పాడేవాళ్లకు లోపలి నుంచి ఇంకొకటి వస్తుందట. గోవా ఆయన దీన్ని నాకు వివరించాలని చాలా అవస్థ పడ్డాడు. నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి విన్నాను. తెలియంది చెబుతున్నట్టు చెబుతున్నాడు, పాపం.

తర్వాత రేడియో వాళ్లు పిలిచారు. పాటల కంపెనీలో చేరి రైళ్లలో ఊళ్లు తిరిగారు. మోసపోయిన ఆడదాని పాటలు, సైన్యానికి పోయి తిరిగిరాని వాడి పాటలు, రేవు పాటలు పాడి పేరు తెచ్చుకుంది. పెద్ద పట్నంలో మేడంత గోడ మీద ఆమె బొమ్మ వేశారట. రెండు సినిమాలు కూడా. ఆ పాటలు రాయించిన కంపెనీ యజమానినే కట్టుకుంది, వాడు మంచివాడు కాదు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు, చేత్తో ఈగను తోలినట్టు అంది. తర్వాత వాళ్ల దేశాన్ని ఏలిన ముసలి జనరల్ పోయాడు. కుర్రకారు ఈ పాటలన్నీ ఆయన కాలపు పాటలని చీదరించుకున్నారట. "నేను ఆకలికి పాడాను, ఆయన కోసం పాడానా" అంది. నాటకశాలలు పిలవడం మానేశాయి. అందుకే ఈ ఎడారి దేశం, ఈ హోటల్.

చెల్లెలు అంతకు ముందే పోయింది. సముద్రం దాటి ఎక్కడో పాడటానికి పోయిన ఊళ్లో జ్వరం తగిలి పోయింది. అక్కడే మట్టి. మర్నాడు ఈమె ఇంకో ఊళ్లో పాడాలి. పాడింది.

అప్పటి నుంచి ముసలాయన స్టేజీ మీద తన పక్కన ఒక ఖాళీ కుర్చీ వేస్తాడు. దాని మీద నల్ల శాలువ, దాని అంచు జాలరు నేల దాకా వేలాడుతుంది. హోటల్ మేనేజర్ ఒకసారి ఆ కుర్చీ తీసేయమన్నాడు, బాగాలేదని. ముసలాయన గిటారు పెట్టెలో పెట్టి మూత వేశాడు. కుర్చీ మళ్లీ వచ్చింది.

ఒక మధ్యాహ్నం హాలు మూసి ఉన్నప్పుడు వాళ్లు సాధన చేస్తున్నారు. ఇస్త్రీ అయిన గౌను నలగకుండా రెండు చేతులతో నిలువుగా ఎత్తి పట్టుకుని తెర వెనక నిలబడ్డాను. పాట ఆగాక ఇద్దామని. ఆమె ఒక వరుస ఎత్తుకుంది. కింది నుంచి మెట్లెక్కినట్టు ఎక్కి, పైన ఒకచోట వణికి, ఆగింది. ముసలాయన కూడా తీగ మీద చెయ్యి ఆన్చాడు. హాలంతా ఖాళీ. ఆ ఆగిన చోటు ఉంది చూశావూ, అది మా ఆయన ఆపే చోటే. కొలిచినట్టు అదే. నా నోరు నన్నడగలేదు. హాఁ అన్నాను. ఉత్త హాఁ కాదు, కడుపులోంచి లాగి, చివర విరిచి.

అవతల ఏదో కింద పడింది. ఆమె ఒక పేరు పిలిచింది. అది చెల్లెలి పేరని నాకు తర్వాత తెలిసింది. తెర ఒక్క గుంజు గుంజింది. మొదట ఆమెకు కనిపించింది నేను కాదు. గంజి పెట్టిన గౌను, తల లేకుండా, నిలువుగా, ఆమె ఎత్తున నిలబడి ఉంది. దాని వెనక నేను. ఆమె ముఖంలో రక్తం లేదు. నేను గౌను కుర్చీ మీద పెట్టబోయాను. ముసలాయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు, అది చెల్లెలి కుర్చీ.

సాయంత్రం లోపల గోవా ఆయన్ని వెంటబెట్టుకుని లాండ్రీకి వచ్చింది.

"రోజూ స్టేజీ వెనక కూర్చుని అలా అనమంటోంది బాయీ."

"మా ఇండ్లల్ల అట్ల గాదన్నా. మొగోని కథకు పలికితే ఆయనకు కట్టువడ్డట్టే. నాది ఒక్కనితోనే అయిపాయె."

ఆయన అది చెప్పాడు. ఆమె తన పొట్ట తడుముకుని, చెవి కమ్మలు చూపించి ఏదో అంది. ఆయన నవ్వాడు.

"తను మగవాడు కాదట. కావాలంటే చూసుకోమంటోంది."

నేనూ నవ్వాను. నవ్వి, ఆ రోజంతా ఆలోచించాను. మాలో ఆడది కథ ఎత్తుకోవడమే లేదు. లేనిదానికి కట్టుబాటు ఎక్కడిది. అది నాకు నేను చెప్పుకున్న మాట. అసలు మాట వేరే. ఆ మధ్యాహ్నం నేను హాఁ అన్న తర్వాత, ఇంకో వరుసకు ఎవరో ఊపిరి తీసిన చప్పుడు నాకు వినిపించింది. అది ఆమెది కాదు. మగ ఊపిరి, లోపల మా ఆయన దగ్గు నాటి గురక ఉన్నది. మళ్లీ వినాలనిపించింది.

అలా స్టేజీ వెనక చెక్క తెర చాటున నాకు ఒక ముక్కాలి పీట వేశారు. పగలు ఇస్త్రీ, పొద్దుగూకాక వంత. నేను పలికినప్పుడల్లా ఆమె కుర్చీ వైపు తల తిప్పేది, తెర వైపు కాదు. ఆమెకు అది చెల్లెలి గొంతు. నాకేమో ప్రతి హాఁ తర్వాత ఆ ఊపిరి. ఒక గొంతును ఇద్దరు పోయినవాళ్లు పంచుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. రూమ్‌కు పోయాక గొంతు నాది కానట్టుండేది. నీళ్లు తాగితే ఎవరో తాగినట్టుండేది.

హోటల్ వెనక కొత్త గదులు కడుతున్న సైట్‌లో మన జగిత్యాల దిక్కు మనుషులున్నారు. ఒకతను లాండ్రీ కిటికీ దగ్గరికొచ్చి తొంగి చూశాడు.

"అక్కా, లోపట ఎవల కథ పెట్టిండ్రు? వంత మనదే ఉన్నది గని కథ సమజైతలేదు."

"తెల్లోళ్ల కథ తమ్మీ."

"ఆల్లు గూడ గిట్ల ఏడుస్తరా?"

"పైసలిచ్చి మరీ వింటరు."

"మనం పుకట్లనే ఏడుస్తంటిమి గదనే" అని తట్ట నెత్తిన పెట్టుకుని పోయాడు.

ఇంతలో దొరసాని గొంతు నలగడం మొదలైంది. మాటల్లోనూ గాలి ఎక్కువై ధ్వని తక్కువైంది. డాక్టర్ దగ్గరికి గోవా ఆయనే తీసుకుపోయాడు. లోపల కాయలు కాశాయి, కోయాలి, కోశాక మాట మిగులుతుందేమో గానీ పాట మాట చెప్పలేమన్నారట. ఆమె తన దేశం పోయి కోయించుకుంటానంది. పోయే ముందు ఒక పాట పాడాలంది. అది అన్ని పాటల్లాంటిది కాదు. తల్లి పోయినప్పుడు అక్కాచెల్లెళ్లు కట్టుకున్న శోకం. గిటారు మీటడం ఉండదు. చివరి వరుసలో మా అమ్మ చచ్చిపోయింది అని వస్తుంది. ఇప్పుడు అమ్మ తీసి చెల్లెలిని పెట్టాలి. చెల్లెలు పోయిందని ఆమె ఇన్నేళ్లలో పాటలో అనలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆ వరుస దగ్గర ఆగిపోయిందట. గొంతు కోయకముందే ఒక్కసారి ఆ వరుస దాటాలి. దాటాలంటే అక్కడ అరుపు పడాలి. చెల్లెలు అన్నిటికంటే గట్టిగా అరిచేది అక్కడేనట.

"ఒకసారి పాడి చూపించమను" అన్నాను.

"ఈ పాటను ముందు పాడి చూడకూడదట బాయీ. ఉత్త మాటలు చెబుతుంది."

ఏ మాటకు పలుకుతున్నానో తెలియకుండా వంత పలకకూడదు, మా పనిలో మొదటి మాట అది. అందుకని మాటలన్నీ ఒక్కొక్కటి అడిగి నేర్చుకున్నాను. తెల్లారి పడవలు వచ్చాయి, నువ్వు రాలేదు. నీ చెప్పులు గుమ్మంలో ఉంచాను, ఎవరి పాదానికీ పట్టలేదు. నీ వంతు రొట్టె ఎండిపోయింది. ఆ తర్వాత చావు మాట. వాళ్ల భాషలో ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. నోటితో మాత్రం అనను.

ఆ సాయంత్రం హాలు నిండింది. తెల్లవాళ్లు, తెల్ల దిష్‌దాషా అంగీల్లో ఒమానీ పెద్దలు, కంపెనీల వాళ్లు. మామూలు పాటలయ్యాక ముసలాయన గిటారు ఒళ్లో బోర్లా పెట్టుకుని, వేలి కణుపులతో దాని చెక్క మీద కొట్టడం మొదలుపెట్టాడు. చెక్క మీద చర్మం లేదు గానీ అది బుర్ర దెబ్బే. తెర సందులోంచి ఆమె వీపు, గౌను తోక కనిపిస్తున్నాయి.

పడవల వరుస వచ్చింది. పలికాను. చెప్పుల వరుస వచ్చింది, పలికాను. నా వీపు వెనక ఆ ఊపిరి ఎంత దగ్గరికి వచ్చిందంటే మెడ మీద వెంట్రుకలు లేచాయి. రొట్టె వరుసకు ఆమె గొంతు మధ్యలో చీలింది, చీలినదాన్నే పట్టుకుని పైకి పోయింది. పలికాను.

చెల్లెలి పేరు వచ్చింది. చావు మాట వచ్చింది. ఆపింది.

నేను పలకలేదు.

మా కథల్లో చావు మాటకు వంత లేదు. రాజు పడిపోయినా, తల్లి పడిపోయినా, పాడేవాడు ఆ మాట అని ఒంటరిగా ఉండిపోవాలి. మేము బుర్ర మీద అరచెయ్యి పరిచి, తల వంచుకుంటాం. ఊ కొడితే ఒప్పుకున్నట్టు. చావుకు ఎవరు ఒప్పుకుంటారు. నాకు ఇది ఎవరూ నేర్పలేదు, నడక ఎవరు నేర్పారు. గట్టిగా అరవాలని ఆమె చెప్పింది నిజమే, నేను సరేనన్నదీ నిజమే. ఆ మాట చెవిన పడగానే నా అరచెయ్యి పోయి మోకాలి మీద పరుచుకుంది. నోరు మూసుకుపోయింది.

హాల్లో చెంచాల చప్పుడు ఆగింది. ఏసీ హోరు ఒక్కటే. ఆమె కుర్చీ వైపు చూసింది. మొదటిసారి తెర వైపు తిరిగింది. అదే వరుస మళ్లీ పాడింది, ఇంకా పైనుంచి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడోసారి పాడలేదు. చెప్పింది. ఇంటికి వచ్చినవాళ్లకు చెప్పినట్టు, మామూలు గొంతుతో, చెల్లెలు పోయిందని చెప్పింది. ముసలాయన చెక్క మీద కొట్టడం ఆపేశాడు. ఆమె కుర్చీ మీది శాలువ తీసి తన భుజాల మీద కప్పుకుని, తోక ఈడ్చుకుంటూ లోపలికి వచ్చేసింది. ఒక బల్ల దగ్గర ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, మిగతావాళ్లు అందుకోకపోయేసరికి మానేశారు.

స్టేజీ వెనక సందులో నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. గోవా ఆయన ట్రే పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఎందుకు వదిలేశావంటోంది. ఏదైనా చెప్పు బాయీ, నేను మెత్తగా చెబుతా."

"మెత్తగ వద్దు. ఉన్నదున్నట్టు జెప్పు. సావుకు మేం ఊ కొట్టం. మా పెనిమిటి కథలనైనా కొట్టలే."

ఆయన చెప్పాడు. ఈసారి నాలుగు ముక్కలు కలపలేదు. ఆమె నా చెయ్యి వదలలేదు, అలాగని పట్టు లేదు. ముసలాయన గిటారు మోసుకుంటూ వచ్చి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నడు?" అన్నాను.

"ఆకలేస్తోందట."

ఆమె నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది. చెల్లెలు పోయాక ఆమె ఏడవడం తను చూడలేదని ముసలాయన తర్వాత గోవా ఆయనతో అన్నాడట. ఆ మాటలో ఎంత మట్టి ఉందో, ఎంత రోడ్డు ఉందో నాకు తెలియదు.

మర్నాటికి ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. పలక మీద రాసి గోవా ఆయనకు చూపించేది. విమానం రోజున నేను ఇస్త్రీ చేసిన గౌను మడిచి పెట్టెలో పెట్టాను. ఆమె నన్ను బండి దాకా రమ్మని సైగ చేసింది. బయట కొండలు ఎండకు తెల్లబడి ఉన్నాయి. బండి ఎక్కబోయి, వెనక్కి తిరిగి, రెండు వేళ్లు నా గొంతు మీద పెట్టింది. మా ఆడబిడ్డ పెట్టిన చోటే, కానీ ఆడబిడ్డ చెయ్యి ఇంత మెత్తగా లేదు. పెదవులు కదిలించి ఏదో చెప్పింది. ధ్వని లేదు, గాలి కూడా లేదు.

"ఏమన్నదన్నా?"

"గొంతే రాలేదు బాయీ, నాకేం తెలుసు."

ఆమె చెప్పడం ఆపింది. ఆపి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. పాటలో నిలబడినట్టే. అది చెల్లెలి మాటో, చావు మాటో, ఉత్త పోయివస్తానో. తెలియని మాటకు పలకరాదు. అది చావు మాటైతే అసలే పలకరాదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

ఊ అన్నాను.

ఆమె తల ఊపి బండి ఎక్కింది. నేను మెడ వెనక ఆ ఊపిరి కోసం అక్కడే నిలబడి చూశాను. బండి రోడ్డెక్కింది, దుమ్ము అణిగింది, ఊపిరి రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.